నువ్వుల వరుస

జూన్ 6

బల్ల మీది దీపం మార్పించాను. ఎలక్ట్రీషియన్ పాత బల్బు విప్పి అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఇది పెట్టి మూడు నెలలు కూడా కాలేదు. నిక్షేపంలా ఉంది" అన్నాడు. "బ్లేడ్లు చూసేది నువ్వా నేనా?" అన్నాను. నోరు మూసుకుని మార్చాడు.

పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల. ఫర్నేసులో పోత పోసిన ప్రతి టర్బైన్ బ్లేడూ పెంకు వదిలించుకుని, యాసిడ్‌లో మునిగి, కడిగించుకుని నా ముందుకు వస్తుంది. నేను చూసి సంతకం పెడితేనే గది దాటుతుంది. అలాంటి చోట దీపం గుడ్డిగా వెలిగితే ఎలా?

జూన్ 8

కొత్త దీపమూ అంతే. ఈమధ్య ఎవరూ ఏ వస్తువూ సరిగ్గా చెయ్యడం లేదు.

జూన్ 12

కళ్ల పరీక్ష. ఏడాదికోసారి మా సెక్షన్ వాళ్లందరికీ ఉంటుంది. ఇందులో తప్పితే బల్ల దగ్గర కూర్చోనివ్వరు. నర్సమ్మ గోడకి ఎప్పటి అట్టే తగిలించింది. వరుసలో నా ముందు ఎనిమిది మంది. ఒక్కొక్కరూ బళ్లో పద్యం అప్పజెప్పినట్టు పై నుంచి కింది దాకా గట్టిగా చదివారు. ఆఖరి వరుస ర, ఠ, మ, ఘ, న, ప.

నా వంతు వచ్చేసరికి గడగడా చెప్పేశాను. "మీకేమిటండీ, గద్ద కళ్లు" అంది నర్సమ్మ.

జూన్ 13

అడిగిన అక్షరాలు చెప్పాను. ఒక్కటీ తప్పు చెప్పలేదు. అందులో మోసమేముంది?

జూన్ 19

పద్నాలుగో బ్యాచ్. ఇరవై రెండు బ్లేడ్లు. మోచేతంత పొడవు, మొదట్లో పిడికిలంత లావు. కరెంటు తయారుచేసే పెద్ద మెషిన్‌కి వెళ్లేవి.

బాగా పోసిన బ్లేడు మీద యాసిడ్ పడితే లోహపు చారలు కింది నుంచి కొస దాకా నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, చెరుకు గడలు కట్టకట్టినట్టు కనిపిస్తాయి. ఇవాళ ఆ చారల అంచులు అలుక్కుపోయినట్టున్నాయి. యాసిడ్ పలచబడిందని తేలిపోయింది. ఫిర్యాదు పుస్తకంలో రాశాను. చారలు నిలువుగానే ఉన్నాయి కనుక బ్యాచ్ అంతా పాస్ చేశాను.

జూన్ 20

యాసిడ్ తొట్టి దగ్గర పనిచేసే ఆయనకి మెమో ఇచ్చారట. నా బల్ల దగ్గరికి వచ్చి, "కొలిచే కలిపానండీ" అన్నాడు. నేను తలెత్తలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగు మాటలు అనేసినా బాగుండేది.

జూలై 24

పదిహేనో బ్యాచ్. ఇరవై రెండూ పాస్.

జూలై 27

ఆదివారం. బావగారూ అక్కా భోజనానికి వచ్చారు. బావగారు ఫర్నేసు పెద్ద. నన్ను ఆ ఫౌండ్రీలో చేర్పించింది ఆయనే. డిసెంబరులో రిటైరవుతున్నారు. చెయ్యి కడుక్కుంటూనే, "ఏం మరదలా, నా బ్లేడ్ల మీద నువ్వులు చల్లారా ఎవరైనా?" అని అడిగారు.

"ఒక్క గింజ లేదు బావగారూ."

"మరి! చెయ్యి ఎవరిది?" అని అక్క వైపు చూశారు. "మీ చెల్లెలు పాస్ అంటే దేవుడు పాస్ అన్నట్టే" అన్నారు.

వాళ్లు వెళ్లాక అమ్మ అడిగింది, నువ్వులేమిటే అని. అమ్మకి చూపు పోయి పదకొండేళ్లు. నీటికాసులు. తెలిసేసరికే ఆలస్యమైంది. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టుకుని ఆ రోజు ఏమేం చూశానో చెప్పించుకోవడం ఆవిడకి అలవాటు.

చెప్పాను. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, ఆ అచ్చుని వేడి గదిలోంచి కింది చల్లదనంలోకి చాలా నెమ్మదిగా దించుతారు. లోహం కింది నుంచి మొదలై పైకి పైకి గట్టిపడుతుంది. అది రకరకాల లోహాలు కలిసిన రసం. బరువైనవి ముందు గట్టిపడి, తేలికైనవి సందుల్లో మిగిలిన రసంలో పోగవుతాయి. దించడంలో వేడి సరిగ్గా నిలవకపోతే ఆ తేలిక రసం ఊరుకోదు. అచ్చు గోడ వెంబడి సన్నగా పైకి ఎగదన్నుతుంది. పోయిన దారంతా చిన్న చిన్న గింజల్ని వదిలిపెట్టి పోతుంది. పైన చూస్తే నువ్వులు వరసగా అంటించినట్టుంటుంది.

"అయితే ఏం? గీకేస్తే పోదూ?"

"పోదమ్మా. అక్కడ లోహమే వేరైపోతుంది. మంటల్లో నిమిషానికి మూడు వేల సార్లు తిరిగేటప్పుడు అక్కడే విరుగుతుంది."

"విరిగితే?"

"పక్కవాటిని నరుక్కుంటూ పోతుంది. ఒక్కోసారి మెషిన్ పెంకు చీల్చుకుని బయటికి కూడా వస్తుంది."

అమ్మ బొటనవేలితో చూపుడువేలి కొస రుద్దుకుని, "అంత చిన్న గింజ నీ కంటికి ఆనుతుందా?" అంది.

"అందుకేగా జీతం" అన్నాను.

ఆగస్టు 9

జాకెట్టు హుక్కు కుట్టుకుంటున్నాను. అవతల మంచం మీంచి అమ్మ, "సూదిలో దారం ఎక్కించడానికి ఎన్నిసార్లే? నాలుగోసారి నాలుక చప్పరించావు" అంది.

"నలభై ఆరొచ్చాయమ్మా. చత్వారం."

"నేనూ అదే అనుకున్నాను అప్పట్లో."

కోపమొచ్చి లేచి వచ్చేశాను. హుక్కు అలాగే ఉంది.

ఆగస్టు 10

చత్వారమే.

ఆగస్టు 30

కుడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తర్వాత ఎడమ కంటికి. ఇలాంటి పిచ్చి పనులు చెయ్యకూడదు. లేనిపోనివి కనిపిస్తాయి.

సెప్టెంబరు 15

పద్నాలుగో బ్యాచ్ బ్లేడ్లు బిగించిన మెషిన్ కరెంటు స్టేషన్‌లో నడవడం మొదలైందని నోటీసు బోర్డులో పెట్టారు. దగ్గరికెళ్లి చదివాను.

అక్టోబరు 7

పదహారో బ్యాచ్ తొందరగా పంపాలని నాకు తోడు ఎక్స్‌రే గది ఆవిణ్ని వేశారు. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. మంచిపిల్ల, ఎక్కువ మాట్లాడదు. నేను చూసి పక్కన పెట్టిన బ్లేడుని ఆమె మళ్లీ తీసుకుని వెలుగులో వాల్చి తిప్పింది.

"అక్కా, ఇది చూస్తారా ఒకసారి?"

"మరక."

స్పిరిట్ గుడ్డతో తుడిచింది. మళ్లీ చూసింది. "పోలేదక్కా."

"యాసిడ్ మరకలు అంత తేలిగ్గా పోవు. తొట్టి సంగతి నీకు తెలీదు."

ఆమె వాదించలేదు. డ్రాయర్‌లోంచి భూతద్దం తీసి, బ్లేడు మొదట్లో ఒక చోట వేలు పెట్టి నా చేతికిచ్చింది. అద్దం కంటికి ఆనించి, బ్లేడు ముక్కు దాకా తెచ్చుకున్నాను. ఉన్నాయి. పదమూడు గింజలు, ఒకదాని మీద ఒకటి, నిట్టనిలువుగా.

"అయ్యో, అవును" అన్నాను, అప్పుడే దృష్టి పడినట్టు.

ఇరవై రెండింటిలో తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఆరు అప్పటికే నేను పాస్ పక్కన పెట్టినవి. ఆమె వాటిని చప్పుడు లేకుండా ఈ పక్కకి జరిపింది. నా మొహం చూడలేదు.

అక్టోబరు 8

ఫర్నేసు చల్లార్చి విప్పారు. వేడి గదికీ చల్ల గదికీ మధ్య, వేడి కిందికి జారకుండా అడ్డుండే రింగు ఒకటుంటుంది. అది పగిలి ఒక వైపు చేతి వెడల్పు ముక్క ఊడిపోయింది. నువ్వులన్నీ బ్లేడ్ల ఆ వైపునే ఉన్నాయి.

క్వాలిటీ మేనేజరు గదిలో మీటింగు. రింగు ఎప్పుడు పగిలిందని అడిగారు. బావగారు నా వైపు చెయ్యి చూపించి, "ఈ బ్యాచ్‌లోనే సార్. పద్నాలుగూ పదిహేనూ కడిగిన ముత్యాల్లా వచ్చాయని రిపోర్టులున్నాయిగా. అందులో తేడా ఉంటే మా మరదలి కంట పడకుండా పోతుందా?" అన్నారు.

మేనేజరు నన్ను చూశారు. "అంతేగా?"

తల ఊపాను.

పదహారు ఆపారు. ముందువాటిని మళ్లీ చూద్దామని ఎవరూ అనలేదు.

అక్టోబరు 9

రింగు ఈ బ్యాచ్‌లోనే పగిలింది. రింగులు ఒక్కసారిగానే పగులుతాయి.

అక్టోబరు 10

ఈ బ్యాచ్‌లోనే. బావగారే చెప్పారు.

అక్టోబరు 11

పదిహేనో బ్యాచ్ ఇంకా స్టోరులోనే ఉంది. పై పూత వెయ్యలేదు. టిఫిన్ వేళ ఎక్స్‌రే ఆవిడ దగ్గరికెళ్లి, "ఒక పది నిమిషాలు నాతో వస్తావా? ఎందుకని అడక్కు" అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టేసి లేచింది. భూతద్దం తనే తీసుకుంది. నేను చెప్పలేదు.

ఇరవై రెండు పెట్టెలు విప్పాం. నేను పట్టుకున్నాను, ఆమె చూసింది. పది నిమిషాలనుకున్నది గంటంబావు పట్టింది. నాలుగింటి మీద ఉన్నాయి. చివరిదాని మీద గింజలు నా గోరంత పొడుగు వరసలో ఉన్నాయట. "ఎక్కడ?" అని అడిగాను. నా వేలు పట్టుకుని చోటు మీద పెట్టింది. నున్నగా తగిలింది. ఏమీ కనిపించలేదు.

నాలుగు పెట్టెల మీదా నా సంతకమే. గుండ్రంగా, అందంగా.

"అక్కా, ఎన్నాళ్ల నుంచి?" అంది.

పెట్టెలన్నీ కట్టాను. తర్వాత చెప్పాను. ఏడాది నుంచి అని. ఇంతవరకూ ఈ పుస్తకంలో కూడా రాయని మాట.

రింగు పదహారులో పగల్లేదు. పదిహేనులోనే కాదు, పద్నాలుగులోనూ పగిలి ఉండవచ్చు. ఆ ఇరవై రెండూ మెషిన్‌లో తిరుగుతున్నాయి.

అక్టోబరు 12

ఉదయమే అక్క ఇంటికి వెళ్లాను. బావగారు లేరు. అక్కకి మొత్తం చెప్పాను. అక్క వింటూ వింటూ ఉతికిన బట్టలు మడత పెడుతూనే ఉంది.

"నీ కళ్ల సంగతి నువ్వు చెప్పుకో. ఆయన ఊసెందుకు?"

"అక్కా, రింగు ప్రతి బ్యాచ్‌కీ ముందు విప్పి చూడాలి. చూశానని పుస్తకంలో బావగారి సంతకం ఉంటుంది. పద్నాలుగు నుంచే నువ్వులున్నాయంటే ఆ సంతకాలు..."

"రెండున్నర నెలలే. ముప్పై నాలుగేళ్లు ఆ మంట ముందు నిలబడ్డ మనిషి. పూలదండతో ఇంటికి రావాలా, తల దించుకుని రావాలా?"

"మెషిన్ తిరుగుతోందక్కా."

"ఇన్నాళ్లూ తిరగలేదా? ఏం కాలేదుగా?"

ఆ మాట నాకెంత ఇష్టంగా తోచిందో నాకే తెలుసు. ఇంటికొచ్చే దారంతా దాన్నే నములుకుంటూ వచ్చాను. ఏం కాలేదుగా. ఏం కాలేదుగా.

అమ్మకి చెప్పాను. నీటికాసులేమోనని భయం అని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చి, "నేను మీ నాన్న దగ్గర రెండేళ్లు దాచాను. మహా అయితే గడపలు తన్నుకునేదాన్ని. నువ్వు దాస్తే గడపతో పోయేలా లేదు" అంది.

అక్టోబరు 13

పొద్దున్న తొమ్మిదింటికి మేనేజరు గది. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"సార్, పద్నాలుగో బ్యాచ్ ఉన్న మెషిన్ ఆపించాలి."

"పద్నాలుగు మీరు పాస్ చేసిందే కదమ్మా!"

"అందుకే."

ఆయనకి అర్థం కాలేదు. స్టోరులో పదిహేనో బ్యాచ్ మళ్లీ చూశామనీ, నాలుగు పట్టుబడ్డాయనీ చెప్పాను. ముందు కోప్పడ్డారు, ఎవర్నడిగి పెట్టెలు విప్పారని. తర్వాత, "నాలుగు తప్పిపోవడం ఎవరికైనా జరుగుతుంది. దానికి ఒక స్టేషన్ మొత్తం ఆపమంటే వాళ్లు నన్ను బతకనిస్తారా? మీ కళ్ల రిపోర్టు కూడా జూన్‌లోనే వచ్చింది. నూటికి నూరు" అన్నారు.

"ఆ అట్ట నాకు కంఠతా వచ్చు సార్. మీ బల్ల మీది కాగితం ఏదైనా తీసి, అక్కడ గోడ దగ్గర నిలబడి పట్టుకోండి."

ఆయన నవ్వబోయి ఆగారు. లేచి, ఏదో కాగితం తీసుకుని గోడ దగ్గరికెళ్లారు. ఎప్పుడూ కుర్చీలోంచి కదలని మనిషి, బడిపిల్లాడిలా గుండెల మీద కాగితం పెట్టుకుని నిలబడ్డారు.

"పైన కంపెనీ పేరు తెలుస్తోంది. దాని కింద పెద్ద అక్షరాల వరస ఒకటి ఉంది. మిగతాదంతా బూడిద రంగు."

రెండడుగులు ముందుకొచ్చారు. "ఇప్పుడు?"

"బూడిద రంగే సార్."

ఇంకో రెండడుగులు. చెయ్యి చాపితే అందేంత దూరం. అప్పుడు తేదీ చదవగలిగాను. ఆయన కాగితం దించేసి, బల్ల మీద బోర్లా పెట్టారు.

"పంతొమ్మిదేళ్లు..." అన్నారు.

"పద్దెనిమిదేళ్లు బాగానే చూశాను సార్. ఈ ఏడాదిలో పాస్ చేసినవన్నీ మళ్లీ చూడాలి. ముందు మాత్రం మెషిన్."

ఫోను తీశారు. నేను బయటికొచ్చాను. యాసిడ్ తొట్టి దగ్గరికెళ్లాను. ఆయన చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. "మీ యాసిడ్ సరిగ్గానే ఉందండీ. నా కళ్లే బాలేవు. మెమో తీసేయమని రాసిస్తున్నాను" అన్నాను.

"అదే అనుకున్నానండీ" అన్నాడు. "మొన్నొకరోజు మా తమ్ముణ్ని నేననుకుని పలకరించారు."

అక్టోబరు 14

మెషిన్ ఆపారు. చల్లారి, విప్పి, బ్లేడ్లు బయటికి తియ్యడానికి రెండు వారాల పైన పడుతుంది. పూత గీకి చూడాలి.

నన్ను బల్ల నుంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా పాత రిజిస్టర్ల గదిలో కూర్చోమన్నారు. పెద్దక్షరాల రిజిస్టర్లేమీ లేవు అక్కడ.

అక్టోబరు 15

బావగారు రిజిస్టర్ల గదికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడ్డారు.

"నేనూ రాసిచ్చేశాను" అన్నారు. "ఏప్రిల్ తర్వాత రింగు విప్పలేదని. విప్పితే ఒక రోజు పని పోతుంది. పైగా నీ రిపోర్టులు శుభ్రంగా వస్తున్నాయి. ఎందుకులే అనుకున్నాను."

"నేను మీ పోత కదా, బాగానే ఉంటుందిలే అనుకునేదాన్ని బావగారూ. మసగ్గా కనిపించినా."

"బాగుంది వరస!" అని నవ్వారు. నవ్వు నిలవలేదు. "నువ్వు చెప్పావు కనుక చెప్పాను. లేకపోతే చెప్పేవాణ్ని కాదు, అబద్ధమెందుకు."

కుర్చీ చూపించాను. కూర్చోలేదు. ఫర్నేసు బాధ్యత ఆయన్నించి తీసేశారు. రిటైరయ్యేదాకా స్టోరులో పని.

అక్టోబరు 19

ఆదివారం. అక్కావాళ్లు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. అమ్మ చేస్తే అక్క మాట్లాడిందట.

అక్టోబరు 22

కళ్ల డాక్టరు. ఎక్స్‌రే ఆవిడ సెలవు పెట్టి తోడొచ్చింది. చుక్కలు వేసి, గడ్డం ఒక చట్రంలో పెట్టించి, కంట్లోకి గాలి కొట్టించి, గంటన్నర చూసింది డాక్టరు.

కుడి కంట్లో శుక్లం. ముదిరింది. తీసేస్తే చూపొస్తుంది, ఇరవై నిమిషాల పని. ఎడమ కంట్లో శుక్లమూ ఉంది, నీటికాసులూ మొదలయ్యాయి. పోయిన చూపు రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి బతికినన్నాళ్లూ చుక్కలు వేసుకోవాలి.

"ఏడాది ముందొచ్చి ఉంటే ఎడమది కూడా చాలా మిగిలేది. ఎందుకు రాలేదు?" అంది డాక్టరు.

"పని ఎక్కువగా ఉండింది" అన్నాను. ఎక్స్‌రే ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

అక్టోబరు 29

కుడి కన్ను ఆపరేషన్ అయింది. పట్టీ విప్పగానే నర్సు చీర మీది పువ్వులు కనిపించాయి. ఒక్కో రేకూ. ఇంటికొచ్చి అమ్మ మొహం చూశాను. ఈ ఏడాదిలో ఎంత ముడతలు పడిందో. చెప్పలేదు.

తిరిగి బల్ల దగ్గరికి పంపరు. అడగను కూడా. ఉద్యోగం ఉంచుతారో లేదో వచ్చే నెలాఖరుకి తెలుస్తుంది.

నవంబరు 3

మధ్యాహ్నం ఫోను. తెలియని గొంతు, బొంగురుగా ఉంది. కరెంటు స్టేషన్‌లో మెషిన్ హాలు ఫోర్‌మన్‌ని అన్నారు. మా మేనేజరుని అడిగి నా నంబరు తీసుకున్నారట.

"ఇరవై రెండూ తీసేశామమ్మా. ఏడింటి మీద ఉన్నాయి మీరు చెప్పిన గింజలు. ఒకదానికి మొదట్లో చీలిక కూడా వచ్చేసింది. ఆ గింజల వెంబడే. గోరు పెడితే పడుతోంది. మా ఇంజనీరు చూసి, ఇంకో వారం పది రోజులు అన్నాడు."

"క్షమించండి. వాటిని పాస్ చేసింది నేనే" అన్నాను.

"తెలుసమ్మా. అదీ చెప్పారు." దగ్గారు. "తిట్టడానికే చేద్దామనుకున్నాను మొదట. మా వాళ్లు వద్దన్నారు. మేం పదకొండు మందిమి. ఆ మెషిన్ పక్కనే కింద కూర్చుని అన్నం తింటాం. అక్కడ వెచ్చగా ఉంటుందని."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆ చీలిన బ్లేడు ఉన్న వైపే" అన్నారు.

మెషిన్ ఆపేశారు కదా, ఇప్పుడు ఎక్కడ తింటున్నారని అడిగాను.

"అక్కడేనమ్మా. చల్లగా ఉంది కానీ, అలవాటైన చోటు" అన్నారు.